పదిహేడో మట్టి

మే పన్నెండు. సోమవారం. ఉదయం 8:10.

యాప్రాల్‌లోని ఒక సూక్ష్మజీవుల పరిశోధన సంస్థ. రెండో అంతస్తు. డాక్టర్ ఉదయ్ భాస్కర్ డీప్ ఫ్రీజర్ తలుపు తెరిచాడు. మరుక్షణం కారిడార్ అంతా వినిపించేలా కేక పెట్టాడు.

మూడో అరలో నీలం పెట్టె లేదు.

ఆ అట్టపెట్టెలో ఇరవై నాలుగు వయల్స్, మూత బిగించిన చిన్న సీసాలు, ఉండేవి. ఒక్కొక్కటీ చిటికెన వేలంత. అన్నింటిలోనూ ఒకటే బ్యాక్టీరియా. దాని పేరు వై-17. యాప్రాల్‌లో తీసిన మట్టి నమూనాల్లో పదిహేడోదాంట్లో దొరికింది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆసుపత్రుల్లో ఏ మందుకూ లొంగని క్రిములను అది చంపుతుంది. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు. అది దొరికిన నాలా గట్టు మీద ఇప్పుడు తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది.

బుధవారం ఢిల్లీ నుంచి నిపుణుల బృందం రావాలి. వయల్స్‌ను పరీక్షించి, జాతీయ భాండాగారంలో భద్రపరచడానికి తీసుకెళ్లాలి.

8:55కి పోలీస్ జీప్ గేటు దాటి లోపలికొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ భవాని దిగింది. వయసు నలభై. దొంగతనం కేసుల్లో చేయి తిరిగిన ఆఫీసర్. మధ్యాహ్నం భోజనం వేళకి దొంగ పేరు చెప్పేస్తుందని డిపార్ట్‌మెంట్‌లో అనుకుంటారు. ఆ మాట వినడం ఆమెకు ఇష్టం.

వెనకే కానిస్టేబుల్ రాజు, చేతిలో ఫైలు.

సంస్థ డైరెక్టర్ డాక్టర్ సీతారత్నం ఎదురొచ్చింది. అరవై ఏళ్ల మనిషి. ముఖంలో నెత్తురు లేదు.

భవాని సమయం వృథా చేయలేదు.

"పెట్టెను లాస్ట్ ఎవరు చూసిన్రు?"

"నేనే," అన్నాడు ఉదయ్ భాస్కర్. "శనివారం సాయంత్రం ఏడింటికి. ల్యాబ్ మూసే ముందు ఫ్రీజర్ తీసి చూశాను. పెట్టె ఉంది."

"తాళం పగిలిందా?"

"లేదు. ల్యాబ్ తలుపుకి కార్డు లాక్."

"ఎంతమందికి కార్డులున్నయ్?"

"నలుగురికి. డైరెక్టర్ గారికి, నాకు, మా రీసెర్చ్ స్కాలర్ హదస్సాకి, ల్యాబ్ అటెండర్ రోసమ్మకి."

"శనివారం ఏడు నుంచి ఇయ్యాల పొద్దుగాల దాంక ఎవరెవరు వచ్చిన్రు? లాగ్ తీయండి."

లాగ్ వచ్చింది. ఒకే ఒక్క ఎంట్రీ. ఆదివారం మధ్యాహ్నం 1:20కి లోపలికి. 1:38కి బయటికి. కార్డు రోసమ్మది.

గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు బ్రహ్మచారిని పిలిచారు.

"నిన్న రోసమ్మను చూసినవా?"

"చూసిన మేడమ్. చర్చి నుంచి సీదా వచ్చినట్టున్నది. తెల్లచీర కట్టుకున్నది. చేతిల సంచి ఉండె."

"పోయేటప్పుడు సంచి చెక్ చేసినవా?"

బ్రహ్మచారి నొచ్చుకున్నాడు. "ఇరవై రెండేండ్ల సంది చూస్తున్న ఆమెను. ఆమె సంచి ఎందుకు చూస్త మేడమ్?"

భవాని రాజు వైపు చూసి తల ఊపింది. టైమ్ 9:20. కేసు అయిపోయినట్టే.

రోసమ్మ వచ్చింది. యాభై ఏడేళ్లు. సబ్బునీళ్లలో నాని పగిలిన చేతులు. భుజానికి గుడ్డసంచి. ల్యాబ్ గాజుసామాను కడగడం, సూక్ష్మజీవులు పెరిగే జెల్లీని వండి ప్లేట్లలో పోయడం, పాతవాటిని క్రిమిరహితం చేసి పారేయడం ఆమె పని.

"ఆ సంచి ఇటియ్యి."

"అందులో ఏమీ లేదండి..."

"ఇయ్యి."

భవాని సంచిని బల్ల మీద బోర్లించింది. చుట్టూ తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. టిఫిన్ డబ్బా పడింది. బీపీ మాత్రలు పడ్డాయి. కళ్లజోడు, బైబిలు, నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు. రోసమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని నేల చూస్తోంది. ఎవరో లోపల వేసుకునే బట్టలు బయట పడేసినట్టు నిలబడింది.

రాజు తువ్వాలు విప్పాడు.

లోపల ఒక పెట్రి ప్లేటు. అరచేతి వెడల్పున్న గుండ్రటి ప్లాస్టిక్ మూతగిన్నె. అందులో లేత జెల్లీ. జెల్లీ మీద తుప్పు రంగు చుక్కలు, గసగసాలంత. ప్లేటు అడుగున స్కెచ్ పెన్నుతో '28-3' అని తేదీ. ఇంకేమీ రాసి లేదు.

"అదే!" గుమ్మం దగ్గర నుంచి ఉదయ్ భాస్కర్ గొంతు. "అది వై-17!"

ఆ గొంతులో కోపం లేదు. పోయిన మనిషి ఎదురుపడితే వచ్చే గొంతులా ఉంది. భవాని అది విన్నది. విని వదిలేసింది.

"నిన్న ఎందుకొచ్చినవ్?"

"పని ఉండి వచ్చానండి."

"ఏం పని?"

రోసమ్మ బల్ల మీది బైబిలును దగ్గరికి జరుపుకుంది.

"ఈ ప్లేటు నీ సంచిలకు ఎట్ల వచ్చింది?"

"నేనే పెట్టుకున్నానండి."

"పెట్టె ఏడుంది?"

"నాకు తెలీదండి."

"ప్లేటు తెలుసు, పెట్టె తెల్వదు. ఎవరికియ్యనీకి తీసినవ్?"

రోసమ్మ తలెత్తింది. భవానిని చూడలేదు. ఉదయ్ భాస్కర్‌ని చూసింది. అతను ప్లేటునే చూస్తున్నాడు. ఆమె మళ్లీ తల దించుకుంది.

అతను రెండడుగులు ముందుకొచ్చాడు. "మేడమ్, ఆ ప్లేటు మాకిచ్చేయండి. అది చాలు. కేసు కూడా వద్దు. పెద్దావిడ, పాపం."

మంచి మనిషి అనుకుంది భవాని. "అట్ల కుదరదు సార్. ఇది ఎవిడెన్స్."

ప్లేటును కాగితం కవర్లో పెట్టి, లక్క వేసి సీలు కొట్టారు. అప్పుడు ఒక అమ్మాయి ముందుకొచ్చింది. తెల్ల కోటు, పొట్టి జుట్టు. రీసెర్చ్ స్కాలర్ హదస్సా.

"మేడమ్, ప్లీజ్. దాన్ని వేడిలో పెట్టకండి. చల్లగా ఉండాలి. అది లివింగ్ థింగ్."

"ఎవిడెన్స్ ఎట్ల పెట్టాల్నో మాకు తెలుసమ్మా."

10:15కి రోసమ్మను జీప్ ఎక్కించారు. ఆడమనిషిని ప్రశ్నించాలంటే ఆమె ఇంటి దగ్గరే ప్రశ్నించాలి. ఆ నిబంధన భవానికి తెలుసు. స్టేషన్‌లో అయితే త్వరగా తేలుతుందని మాత్రం అనుకుంది.

గేటు బయట ఒక స్కూటీ ఆగింది. సైనిక్‌పురి చర్చిలో రోసమ్మతో పాటు పాటలు పాడే ఆవిడ. "రోసమ్మా! ఏమైంది?" అంది. రోసమ్మ ముఖం అవతలికి తిప్పుకుంది.

లక్క వేసిన కవరు డాష్‌బోర్డ్ మీద ఉంది.

* * *

మధ్యాహ్నం ఒంటి గంటకి కూడా రోసమ్మ నోరు విప్పలేదు.

స్టేషన్ బెంచీ మీద అంచున కూర్చుంది. టీ ఇస్తే వద్దంది. అన్నం తెప్పిస్తే వద్దంది. వచ్చేపోయేవాళ్లంతా ఆమెను ఒకసారి చూసి వెళుతున్నారు. చూసిన ప్రతిసారీ ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంటోంది.

ఒక్కసారే తనంతట తాను అడిగింది.

"అమ్మా, ఆ ప్లేటు ఎక్కడ పెట్టారు?"

"నీకెందుకు?" అంది భవాని.

భోజనం వేళ దాటిపోయింది. రోసమ్మ ఇంట్లో వెతికిన ఎస్సై ఫోన్ చేశాడు. రెండు గదుల ఇల్లు. పెట్టె లేదు. వయల్స్ లేవు.

2:40కి హదస్సా స్టేషన్‌కి వచ్చింది. ఎండకి ముఖం కందిపోయింది.

"మేడమ్, ప్లేటు ఎక్కడుంది?"

"భద్రంగ ఉన్నది." భవాని ఫైల్లోంచి తలెత్తలేదు. "దానికోసం ఇంత దూరం వచ్చినవా?"

"అది ఒక్కటే మిగిలింది మేడమ్. పోతే మళ్లీ దొరకదు."

"ఇంకోటి పెంచుకోరా?"

హదస్సా కుర్చీ అంచున కూర్చుంది. "పెంచడం అంత ఈజీ కాదు. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల్లో నూటికి తొంభై తొమ్మిది ల్యాబ్‌లో పెరగనే పెరగవు. వాటికి పేర్లు లేవు. ఏం చేస్తాయో తెలీదు. రేపటి మందులు అక్కడే ఉన్నాయని మా నమ్మకం. వై-17 కూడా అలాంటిదే. చుక్క కనిపించడానికి నలభై రోజులు పడుతుంది. ఎవరైనా పది రోజులు చూసి పారేస్తారు. మూడేళ్ల కిందట ఉదయ్ సార్ పారేయమన్న ప్లేటును రోసమ్మ ఆంటీ పారేయలేదంట. రోజూ తీసి చూసేదంట. నలభయ్యో రోజున చుక్క కనిపించింది. బ్రహ్మచారి అంకుల్ చెప్పారు నాకు. రీసెర్చ్ పేపర్లో మాత్రం ఆంటీ పేరు లేదు."

"నువ్వు ఎన్నిసార్లు పెంచినవ్ దీన్ని?"

"వయల్స్ నుంచా? చాలాసార్లు. కానీ మాకు వచ్చేది తెల్లగా ఉంటుంది మేడమ్. ఇవాళ వేస్తే రేపటికి ప్లేటంతా నిండిపోతుంది. జెనెటిక్ టెస్ట్ చేయిద్దామని రెండుసార్లు అడిగాను. సార్ వద్దన్నారు."

"మరి పొద్దున ప్లేటుల ఎర్రగ ఉండె కదా."

"అందుకే వచ్చాను. అలాంటివి నేను ఇంతవరకూ చూడలేదు. మొదటి పేపర్లో ఫోటో ఉంది, అచ్చం అలాగే. అది వై-17 అని సార్ అనేదాకా నాకు తట్టలేదు."

భవాని పెన్ను ఆగిపోయింది.

ప్లేటు మీద పేరు లేదు. తేదీ మాత్రమే ఉంది. ఆ మనిషి గుమ్మం దగ్గర నుంచే గుర్తుపట్టాడు. ఎర్ర చుక్కలు అసలైనవని అతనికి తెలుసు. అయితే వయల్స్‌లో ఉన్న తెల్లటిది కాదని కూడా తెలిసే ఉండాలి.

ఇంకో సంగతి. పోయినవి ఇరవై నాలుగు వయల్స్. సంచిలో దొరికింది ఒక ప్లేటు. సొత్తు పోయినవాడు ఏమడుగుతాడు? మిగతావి ఏవని అడుగుతాడు. ఉదయ్ భాస్కర్ ఆ తర్వాత ఒక్కసారి కూడా వయల్స్ మాటెత్తలేదు. ప్లేటు ఇస్తే కేసే వద్దన్నాడు.

పదిహేనేళ్ల సర్వీసులో ఎదురుగా ఉన్న ఇంత చిన్న సంగతి ఎలా తప్పిపోయింది? తప్పిపోలేదు. చూసింది. మంచితనం అనుకుంది. ఎందుకంటే అప్పటికే ఆమెకు దొంగ దొరికేసింది. గుడ్డసంచితో, పగిలిన చేతులతో.

బెంచీ మీద కూర్చున్న రోసమ్మ వైపు చూడటానికి భవానికి మెడ తిరగలేదు.

హదస్సాను బయట కూర్చోమని చెప్పి రాజును పిలిచింది.

"రాజూ, ఆ కవరు మాల్‌ఖానా గదిల పెట్టినవా?"

రాజు బయట జీప్ వైపు చూశాడు. "జీప్‌లనే ఉన్నది మేడమ్. ఆ ఎస్సై సార్ ఫోన్లు, ఈమె... మర్చిపోయిన."

జీప్ స్టేషన్ ముందు ఎండలో ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. తలుపు తీయగానే పొయ్యి మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది. సీలు లక్క మెత్తబడి డాష్‌బోర్డ్‌కి అంటుకుంది. భవాని కవరు పట్టుకుంది. వేళ్లు చురుక్కుమన్నాయి. కదిపితే లోపల ఏదో గలగలమంది. పొద్దున ఆ చప్పుడు లేదు.

10:15 నుంచి 2:55 దాకా. నాలుగు గంటల నలభై నిమిషాలు.

'భద్రంగ ఉన్నది' అని ఆ పిల్లతో అన్న మాట చెవుల్లో మోగింది. చూడకుండానే అన్నది.

రాజు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "పరేషాన్ కాకున్రి మేడమ్. స్టేషన్‌కు రాంగనే ఫ్రిజ్‌ల పెట్టినట్టు రాసేద్దాం. అది అంతకుముందే సచ్చిందో, మనకాడ సచ్చిందో ఎవరికి తెలుస్తది?"

భవాని అవునని అనలేదు. కాదనీ అనలేదు.

రాజు పెన్ను తీసి రాసుకున్నాడు.

* * *

సాయంత్రం ఐదింటికి అందరూ మళ్లీ ల్యాబ్‌లో ఉన్నారు. సీతారత్నం, ఉదయ్ భాస్కర్, హదస్సా, బ్రహ్మచారి. రోసమ్మకు కుర్చీ వేయించింది భవాని. ఆమె కూర్చోలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో ఆమె కూర్చున్నది లేదు.

బల్ల మీద లక్క కవరు ఉంది. దాని పక్కన మూతి కట్టిన ఎర్ర ప్లాస్టిక్ సంచి.

"ఉదయ్ భాస్కర్ గారూ, శనివారం ఏడింటికి ఫ్రీజర్ తీసి పెట్టె చూసిన్రు. అంతేనా?"

"అవును."

"ఈ ఫ్రీజర్ తలుపు తీసిన ప్రతిసారీ లోపల వేడి కొద్దిగ పెరుగుతది. అది టైమ్‌తో సహా రికార్డ్ అయితది. తలుపు మీద ఈ చిన్న స్క్రీన్‌లనే ఉంటది. పొద్దున నేను దీని ముందే నిలబడ్డ. అడగలేదు. ఇందాక నాలుగుంబావుకు అడిగిన." ఆమె కాగితం తీసింది. "శనివారం సాయంత్రం 5:12కి తలుపు తెరుచుకుంది. నలభై సెకన్లు. ఆ తర్వాత మళ్లీ సోమవారం ఉదయం 8:10కి, మీరు తీసినప్పుడే. నడుమ ఒక్కసారి సుత తెరవలేదు."

భవాని కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"అంటే శనివారం ఏడింటికి మీరు పెట్టె చూడలేదు. ఆదివారం ఒంటి గంట ఇరవైకి రోసమ్మ గారు ఫ్రీజర్ ముట్టలేదు. పెట్టె 5:12కే పోయింది. అప్పుడు ల్యాబ్‌ల ఎవరున్నరు?"

"సార్, ఆంటీ," అంది హదస్సా. "నేను నాలుగింటికే వెళ్లిపోయాను."

భవాని రోసమ్మ వైపు తిరిగింది. పొద్దున్నించీ వాడిన 'నువ్వు' ఇప్పుడు నోటికి రాలేదు.

"శనివారం ఆటోక్లేవ్‌ల మీరు ఏమేం పెట్టిన్రు?"

ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రం. దాంట్లోకి వెళ్లిన ఏ క్రిమీ బతికి బయటపడదు.

"పాత ప్లేట్లన్నీ పెట్టానండి. సార్ చెప్పారు, సోమవారానికి ఒక్కటీ ఉండకూడదని. ఐదున్నరకి ఒక ఎర్రసంచి మూతి కట్టి ఇచ్చారు. విప్పకుండా పెట్టమన్నారు." రోసమ్మ ఆగిపోయింది. ఆమె చూపు బల్ల మీది సంచి మీద పడింది.

"వయల్స్ బయటికి పోకుంటే లోపలనే ఉండాలె. చెత్త తీసుకుపోయే బండి రేపు వస్తదంట. వెనక చెత్తడబ్బాల దొరికింది ఇది."

రాజు సంచి విప్పాడు. ఉడికి మెత్తబడిన నీలం అట్టపెట్టె. అందులో ఇరవై నాలుగు వయల్స్. ఒక్కదాని మూత కూడా తీసి లేదు.

"నా చేత్తోనే..." అంది రోసమ్మ.

సీతారత్నం కుర్చీ వెనుక భాగం పట్టుకుంది. "ఉదయ్! ఎందుకు?"

అతను కళ్లజోడు తీశాడు. తుడవలేదు, అలాగే పట్టుకున్నాడు.

"జనవరిలో తెలిసింది మేడమ్. వయల్స్‌లో ఉన్నది వై-17 కాదు. గాల్లో తిరిగే మామూలు బ్యాక్టీరియా. నలభై రోజులు ఆగలేక, పోషకాలు పెంచి త్వరగా పెరిగేలా చేద్దామనుకున్నాను. పెరిగింది. సాధించాననుకున్నాను. అప్పటికే రెండు రిపోర్టులు పంపేశాను. కాన్ఫరెన్స్‌లో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత చూసుకుంటే, అసలుది ఎప్పుడో చచ్చిపోయింది."

"నాకు చెప్పాల్సింది."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"బుధవారం ఢిల్లీ వాళ్లు టెస్ట్ చేస్తే బయటపడుతదని దొంగతనం నాటకం ఆడిన్రు," అంది భవాని.

"దొంగ దొరకడనుకున్నాను. ఈ అమ్మ ఆదివారం వస్తుందని నాకు తెలీదు. నిజంగా తెలీదు. లాగ్‌లో పేరు చూసినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు. సంచి బోర్లించినప్పుడు కూడా రాలేదు. ప్లేటు చూడగానే బతికిపోయాననిపించింది. అమ్మ గురించి ఆలోచన తర్వాత వచ్చింది."

ఉదయ్ భాస్కర్ ఆ మాట రోసమ్మను చూస్తూ అనలేకపోయాడు. గోడను చూస్తూ అన్నాడు.

"మీరెందుకు చెప్పలేదు?" భవాని మెల్లగా అడిగింది. "పొద్దున్నించీ అడుగుతున్న కదా."

రోసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇరవై ఏళ్ల కిందట చదువుకోవడానికి వచ్చాడండి ఈ బాబు. తీగ మంటలో ఎలా కాల్చాలో, ప్లేటు మీద ఎలా గీయాలో కూడా తెలీదు. నేనే చెయ్యి పట్టి నేర్పాను. జనవరిలో తెల్లవి చూసి చెప్పాను, బాబూ, ఇది మనది కాదు అని. సరిచేస్తానమ్మా, ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. మూడేళ్లుగా నా దగ్గర అసలుది ఉంది. నెలన్నరకోసారి తీగతో చుక్కను తాకి కొత్త ప్లేటులో గీసుకుంటాను. మాలాంటివాళ్లు చేయకూడని పని. ఎవరైనా చూస్తే ఉద్యోగం పోతుందని సీసాల వెనక దాచాను. బాబుకి కూడా చూపించలేదు. అప్పుడే చూపించి ఉంటే ఇంత జరిగేది కాదు. తప్పులో నాదీ ఉంది."

"ఆదివారం?"

"శనివారం బాబు నా పక్కనే నిలబడ్డాడండి, తీయడానికి వీలుపడలేదు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి తీసుకెళ్లాను. ఇంట్లో నీళ్లకుండ పక్కన చల్లగా పెట్టాను. బయటికి తీసుకెళ్లకూడదు, తెలుసు. ఇవాళ డైరెక్టరమ్మ చేతికిద్దామని తెచ్చాను. వచ్చేసరికి జీపు ఉంది. చెబితే బాబు పరువు పోతుంది. చెప్పకపోతే నాది పోతుంది. పోనీలెండి. ప్లేటు ఉంది కదా. ఇలా ఇవ్వండి, కొత్త జెల్లీ మీద గీస్తాను. పొద్దున్నించీ దాని మీదే ధ్యాస."

ఆమె చెయ్యి చాపింది.

హదస్సా ముఖం వెలిగింది. సీతారత్నం మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. రాజు ఫైలు తెరిచి, పంచనామా కాగితం భవాని ముందు పెట్టాడు. 'ఉదయం 10:40కి స్టేషన్ ఫ్రిజ్‌లో భద్రపరచడమైనది.' సంతకం ఒక్కటే తక్కువ.

భవాని ఆ వాక్యం చదివింది. రెండోసారి చదివింది. ఎదురుగా ఒక మనిషి గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నాలుగు నెలల కిందట అతని ముందు కూడా ఇలాంటి కాగితమే ఏదో ఉండి ఉంటుంది.

ఆమె కాగితాన్ని రెండు ముక్కలు చేసింది.

"అది ఫ్రిజ్‌ల లేదు," అంది. "జీప్‌ల ఉండె. ఎండల. అద్దాలు మూసి. నాలుగు గంటల నలభై నిమిషాలు. ఈ అమ్మాయి చెప్పింది వేడిల పెట్టొద్దని. నేను ఇనలేదు. మధ్యాహ్నం వచ్చి అడిగితే భద్రంగ ఉన్నదని అబద్ధం చెప్పిన. కానిస్టేబుల్ తప్పు కాదు. నాది."

రోసమ్మ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

సాక్షుల ముందు కవరు చింపారు. జెల్లీ అంచుల నుంచి ఊడి, వేయించిన అప్పడంలా ముడుచుకుపోయింది. చుక్కలు నల్లబడ్డాయి.

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది భవానికి.

రోసమ్మ ప్లేటు తీసుకుంది. మంట వెలిగించింది. తీగ కాల్చింది, చల్లార్చింది. ఎండిపోయిన ప్రతి చుక్కనూ తాకి, పన్నెండు కొత్త ప్లేట్ల మీద గీసింది. ఆమె పని చేస్తున్నంతసేపూ ఉదయ్ భాస్కర్ తలుపు దగ్గరే ఉన్నాడు. వెళ్లే ముందు "అమ్మా" అన్నాడు. ఆమె తల తిప్పలేదు. చేతిలో తీగ ఉంది.

* * *

ఆ సాయంత్రం రోసమ్మ జీప్ ఎక్కనంది.

"నడిచి పోతానండి."

భవాని కూడా నడిచింది, రెండడుగులు వెనకగా. రోసమ్మ ఉండే సందు మొదట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. స్కూటీ ఆవిడ కూడా ఉంది. యూనిఫామ్ చూసి మాటలు ఆపేశారు.

"పొద్దున నేను ఈమెను తీసుకపోయింది తప్పు," అంది భవాని. ఎక్కువ మాట్లాడాలనుకుంది. మాటలు అంతే వచ్చాయి. "ఈమె ఏ దొంగతనం చేయలేదు. తప్పు నాది."

రోసమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

కేసు డైరీలో భవాని జరిగింది జరిగినట్టు రాసింది. పది రోజుల్లో చార్జ్ మెమో వచ్చింది. పై ఆఫీసర్ పిలిచి, "ఎవరడిగిన్రమ్మా నిన్ను రాయమని?" అన్నాడు. ఉదయ్ భాస్కర్‌ను సస్పెండ్ చేశారు, అతని మీద కేసు నడుస్తోంది. రిపోర్టులు తప్పని అతనే లేఖ రాశాడు. మొదటి పేపర్‌కి సవరణ పంపుతూ, వై-17ను మొదట గుర్తించిన మనిషిగా రోసమ్మ పేరు చేర్చమని కోరాడు. ఆ సవరణ అచ్చయ్యేనాటికి ఎవరికైనా చూపించడానికి కూడా వై-17 లేదు.

నలభయ్యో రోజున భవాని ల్యాబ్‌కి ఫోన్ చేసింది. ఏమీ రాలేదంది హదస్సా. నలభై ఎనిమిదో రోజున మళ్లీ చేసింది. ఏమీ రాలేదు. ఆ తర్వాత ఫోన్ చేయడానికి చెయ్యి ఆడలేదు.

జూలై పదకొండున రోసమ్మే చేసింది. ఆమె రిటైరై పది రోజులైంది. అయినా రోజూ ల్యాబ్‌కి వెళ్లి చూస్తోంది.

"అరవై రోజులు చూశానండి. పన్నెండింటిలోనూ ఏమీ లేదు. పోయింది."

భవాని ఫోన్ పట్టుకుని నిలబడింది. "రోసమ్మ గారూ, నన్ను..."

"ఆ మాట వద్దండి," అంది రోసమ్మ. "క్షమించానని ఇప్పుడే అనలేను. అబద్ధం అవుతుంది. ఆదివారం పొద్దున్నే కాప్రా చెరువు దగ్గర మట్టి తీయడానికి వెళుతున్నాం, నేనూ హదస్సా. నాకు నడుం వంగదు. ఆ పిల్ల ఒక్కతే ఎన్ని తవ్వుతుంది? మీకు తీరికుంటే రండి."

ఆదివారం ఆరున్నరకి భవాని వెళ్లింది. రాత్రి కురిసిన వానకి చెరువు గట్టు తడిసి ఉంది. రోసమ్మ గొడుగు మొనతో చోటు చూపించింది. భవాని ప్యాంటు మడిచి, మోకాళ్ల మీద కూర్చుని తవ్వింది. జానెడు లోతు. నల్లటి బంకమట్టి. హదస్సా దాన్ని సీసాలోకి ఎత్తి మూత బిగించింది. చీటీ మీద తేదీ, సమయం, చోటు రాసింది.

"సేకరించిన వారు?" అంది పెన్ను ఎత్తి.

"మీ ఇద్దరి పేర్లు రాయమ్మా," అంది భవాని. "నా పేరు వద్దు."

"రాయాలి," అంది రోసమ్మ. ఆ గొంతులో దయ లేదు, కోపమూ లేదు. పని నేర్పే మనిషి గొంతు. "ఎవరెవరి చెయ్యి పడిందో రాయాలి మేడమ్. రేపు ఇందులో ఏదైనా దొరికినా తెలియాలి. చచ్చినా తెలియాలి."

హదస్సా భవాని వైపు చూసింది.

భవాని మట్టి చేతులు గడ్డికి తుడుచుకుని, తన పేరు పూర్తిగా చెప్పింది.